కింద మిగిలిన పెట్టె

రెండు పెట్టెలు. రెండింట్లోనూ ఒకే సీసాలోంచి తీసిన బాక్టీరియా, కడుపులోకి వెళ్తే మనిషిని మంచాన పడేసే రకం. ఒకటి రాకెట్‌లో పైకి వెళ్ళింది. రెండోది నాకు అప్పగించారు. పైన వ్యోమగామి పిడి తిప్పి వాటికి మేత వదిలిన క్షణానే కింద నేనూ తిప్పాలి. పైన ఎంత వేడి ఉంటే ఇక్కడా అంతే. అవి తేలుతున్నాయి, ఇవి నేల మీద ఉన్నాయి. ఆ ఒక్క తేడా తప్ప ఇంకేదీ ఉండకూడదు.

పైకి వెళ్ళే పెట్టెకి ఫొటోలు తీశారు. నా పెట్టె మీద దుమ్ము తుడిచే దిక్కు కూడా నేనే. ల్యాబ్‌లో ఇరవై రెండేళ్ళ సర్వీసు మరి.

తిరిగొచ్చాక పైవి ఎలుకల్ని కిందివాటికంటే త్వరగా చంపాయి. అందరూ ఎగిరి గంతేశారు.

"కొమ్ములొచ్చాయమ్మా వీటికి," అన్నారు డాక్టరుగారు. ప్రయోగం ఆయనదే. "అక్కడ చుట్టూ నీళ్ళు కదలవు, ఒంటికి ఒరిపిడి తగలదు. అందుకే ఇలా తెగబడ్డాయని నా అనుమానం."

ఒరిపిడి లేకపోతే ఎవరైనా ఇంతేనేమో. అక్క నాతో మాట్లాడి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో మాటలతో పొడుస్తానని ల్యాబ్‌లో నా వెనకాల నన్ను సూదిమందు అనడం మొదలెట్టారు. ఒళ్ళు మండుతుంది కానీ, అబద్ధమని అనలేను.

పైన మేత వదిలిన రోజు నేను పిడి తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా తిప్పాను. ల్యాబ్ పుస్తకంలో మాత్రం తిప్పాల్సిన టైమే రాశాను. ఎవరికీ తెలీదు. వారంలో డాక్టరుగారి వ్యాసం అచ్చుకి వెళ్తుంది. నోరు విప్పితే ఆయన ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరే. విప్పకపోతే ఆ తేడా ఆకాశం వల్ల వచ్చిందో నా వల్ల వచ్చిందో ఎవరూ అడగరు. రెండు రోజులు ఆ పేజీ తీసి చూసి మూశాను. మూడో రోజు పుస్తకం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

"తొమ్మిది నిమిషాలా?" ఆయన ఆ టైము మీద వేలు పెట్టారు. "ఎక్కడికెళ్ళారు?"

"వరండాలోకండీ. మా అక్క ఫోన్."

"అంత అర్జెంటా? ఏమన్నారు?"

"ఏమీ అన్లేదు. పొరపాట్న నొక్కుకుపోయినట్టుంది. కుళాయి చప్పుడు, గిన్నెల చప్పుడు. మధ్యలో ఒకసారి దగ్గింది. నేను పలకలేదు. పలికితే పెట్టేస్తుందేమోనని వింటూ నుంచున్నా."

ఆయన నన్ను తిట్టి ఉంటే బావుండేది. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"వ్యాసం ఆపేద్దాం. మళ్ళీ పెట్టె పైకి పంపాలంటే ఎన్నేళ్ళు పడుతుందో. మీ పెట్టె ఖాళీ చేసేయండి."

నా సీసాలన్నీ ఆటోక్లేవ్‌లో పెట్టి ఆవిరికి ఉడికించాను. అవి చేసిన పాపం ఏమీ లేదు. ఆ యంత్రం ఆగేలోగా అక్కకి ఫోన్ చేశాను.

ఎత్తింది. వెనకాల అదే కుళాయి పారుతోంది. ఫోన్ చెవికి నొక్కుకున్నాను.

కాసేపటికి కుళాయి కట్టేసింది. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.