రోగుల చీటీలో నా పేరు

బాపట్లలో మా చర్చిలో ప్రతి ఆదివారం ఆరాధన చివర పాస్టరు గారు జబ్బుపడిన వాళ్ళ పేర్లున్న చీటీ చదివి ప్రార్థన చేస్తారు. ఎనభై ఎనిమిదిలో ఒక ఆదివారం ఆ చీటీలో మూడో పేరు "దయామణి టీచరు" అని వినబడింది. అంటే నేనే.

ఎవరు రాయించారో అడగక్కర్లేదు. పక్కన కూర్చున్న కృపమ్మక్క నా చెయ్యి పట్టుకుని కళ్ళొత్తుకుంటోంది.

అప్పటికి ఏడాదిన్నరపాటు రోజూ పొద్దున్నే సూర్యలంక రోడ్డులో నడిచి ముప్ఫై కిలోలు తగ్గాను. ఆ ఒళ్ళు నాకే ఇంకా అలవాటు కాలేదు. అప్పటికీ బెంచీ మీద ఇద్దరు పట్టే చోటు చూసుకునే కూర్చునేదాన్ని. బోర్డు మీద రాస్తుంటే గాజులు మోచేతి దాకా జారిపోయేవి. షుగరేమోనని గుసగుసలాడినవాళ్ళే తప్ప ముఖాన అడిగినవాళ్ళు లేరు.

లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, ఆ చీటీలో నా పేరు కొట్టెయ్యండి. నాకే రోగమూ లేదు."

"మరి ఇంతలా చిక్కిపోయావేంటమ్మా?" అన్నారాయన కంగారుగా.

"నడిచి తగ్గానండి. మోకాళ్ళు పట్టుకుని ఈ చర్చి మెట్లెక్కలేక ఏడ్చిన రోజుల్లో నా పేరు ఒక్కసారైనా చదివారా? అప్పుడందరూ నవ్వుకున్నారు. ఇప్పుడు చదవాలనుంటే కృతజ్ఞత ప్రార్థనలో చదవండి."

కృపమ్మక్క నా చెయ్యి వదిలేసింది.

కూర్చోగానే బెంచీ చెక్క ఎముకలకు గుచ్చుకుంది. గుచ్చుకోనీ. ఇన్నాళ్ళకు బయటపడ్డ నా ఎముకలే కదా.