కలిసొచ్చే నొప్పులు

కాన్పుల వార్డులో పాతికేళ్లుగా పెద్దనర్సు నోట ఒకటే మాట. ఎవరెంత కేకలు పెట్టినా, పొట్ట మీద చెయ్యి వేసి చూసి, "కలిసొస్తున్నాయమ్మా, ఇంకెంతో సేపు పట్టదు" అనేది. ఆ మాట చెవిన పడగానే బయట బల్ల మీద కూర్చున్న అత్తలూ మొగుళ్లూ లేచి నిలబడేవారు. వాళ్లకు అంతకు మించిన చల్లని కబురు లేదు.

ఇవాళ మూడో నంబరు మంచం మీద ఉన్నది ఆమె సొంత చెల్లెలు. చెల్లెలి కడుపులో ఉన్నది, రెండుసార్లు కడుపు పోయాక నిలిచిన మూడో బిడ్డ. ఆరో నెల కూడా నిండలేదు. పొద్దుటి నుంచి పొట్ట అక్కడక్కడా బిగుస్తోంది.

"గర్భసంచిలో అక్కడో కండరం ఇక్కడో కండరం బిగుస్తే ఫర్వాలేదు," అంది డాక్టరమ్మ, సెలైన్ సీసాలోకి నొప్పులు ఆగే మందు ఎక్కిస్తూ. "ఆ కండరాలు ఒకదానికొకటి కబురందించుకుని, అన్నీ ఒక్కసారే పట్టాయంటే మాత్రం మన చేతుల్లో ఉండదు. నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. అదే కదా ఖర్మ! ఏమీ తెలియని అక్కయితే వరండాలో కూర్చుని హాయిగా ఏడ్చేది.

నొప్పులు కొలిచే మిషన్‌లోంచి కాగితం బయటికి వస్తోంది. గీత మీద చిన్న చిన్న గతుకులు, ఒకదానితో ఒకటి పొంతన లేకుండా. "అలాగే కొట్టుకు చావండే! తోడికోడళ్లలాగా ఒకళ్ల మాట ఒకళ్లు వినకండి," అని పెద్దనర్సు లోలోపల ఆ కండరాలను తిట్టింది, బతిమాలింది.

"ఏంటక్కా, చెయ్యి వేసి చూస్తున్నావా, పుచ్చకాయ బేరమాడుతున్నావా?" అంది చెల్లెలు.

"నోర్మూసుకుని పడుకో," అంది అక్క.

మధ్యాహ్నానికి గతుకులు తగ్గాయి. వాటి బదులు గీత గుట్టలా లేచింది. డాక్టరమ్మ మందు పెంచింది. ఐదు నిమిషాలకు ఇంకో గుట్ట లేచింది. మళ్లీ ఐదు నిమిషాలకు మరొకటి. అరచేతి కింద పొట్టంతా ఒక్క రాయిలా బిగిసింది.

పాతికేళ్ల అలవాటు ఊరుకుంటుందా? ఆపుకునేలోపే నోరు జారింది.

"కలిసొస్తున్నాయమ్మా."

అంత నొప్పిలోనూ చెల్లెలి ముఖం విప్పారింది. డ్యూటీ దిగొచ్చి, అన్నం తింటూ అక్క చెప్పే కాన్పుల కబుర్లలో ఆ మాట దాకా వస్తే చాలు, ఇక అంతా మంచే జరిగేది.

"హమ్మయ్య," అంది చెల్లెలు, అక్క చెయ్యి గట్టిగా పట్టుకుని. "అయితే ఇంక భయం లేదన్నమాటేగా?"

పెద్దనర్సుకు ఏడుపు తన్నుకొచ్చింది. చెయ్యి తియ్యకుండానే, భయం లేదన్నట్టు తల ఊపింది.