పొద్దుటెండ వైపు ఆకులు

"ఆకులు తుంచడం కూడా ఒక పనేనా? కొండ తవ్వినట్టు కూలబడ్డావు," అన్నాడు భర్త.

ఆమె కుళాయి దగ్గర కూర్చుని, గోళ్ల సందుల్లో ఇంకిన పసరుని పాత బ్రష్షుతో రుద్దుకుంటోంది. వంటా, మామగారి మాత్రలూ, పిల్ల స్కూలు డబ్బా ముగించుకుని పొద్దున్నే ద్రాక్షతోటలో దిగింది. పదకొండు దాకా నడుం వంచి, ప్రతి గుత్తి దగ్గరా ఆగి, ఏ ఆకు తీయాలో ఏది ఉంచాలో చూసుకుంటూ నాలుగు వరుసలు పూర్తిచేసింది. ఆ ఇంట్లో కొన్ని ప్రశ్నలు జవాబు కోసం అడగరని ఆమెకి ఏడేళ్ల కిందటే తెలిసింది.

ఆ నాలుగు వరుసలూ ఆమె చేతికి రావడం కూడా వాటి మీద ఎవరికీ ఆశ లేకే. ఇంటి వెనక వాలులో ఉన్నాయి, ట్రాక్టరు తిరగదు. మిగతా తోటంతా భర్త ఏటా దున్నించి, గడ్డిపోచ లేకుండా నున్నగా ఉంచేవాడు. ఆమె మాత్రం వరుసల మధ్య గడ్డిని పెరగనిచ్చి, మోకాలెత్తు రాగానే కొడవలితో కోసి అక్కడే పరిచేది. "దున్నని సాలూ దువ్వని తలా ఒకటే," అనేది అత్తగారు, వచ్చేపోయేవాళ్లకి వినపడేలా. కానీ ఆ గడ్డి కింద మన్ను మధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. వాన పడితే నీళ్లు వాలులోకి జారిపోకుండా ఇంకేవి. గడ్డితో పోటీ పడాలి కాబట్టి తీగ పిచ్చిపట్టినట్టు ఆకులు వేయకుండా కాయ మీద మనసు పెట్టేది. ఆకుల సంగతీ అంతే. మొదటి ఏడాది రెండు వైపులా తీసి ఒక వరుసంతా మాడ్చుకుంది. ఆ తర్వాత తెలిసింది, కాయ మిరియపు గింజంత ఉన్నప్పుడే తీయాలి, అదీ పొద్దుటెండ తగిలే వైపే తీయాలి. మంచు త్వరగా ఆరి గుత్తి కుళ్లదు, లేత తొక్క ఎండకి మెల్లగా అలవాటు పడుతుంది. మధ్యాహ్నపు ఎండ వైపు ఆకులు గుత్తికి గొడుగు, వాటిని ముట్టుకోకూడదు. ఇదంతా ఒకసారి అన్నం వడ్డిస్తూ భర్తకి చెప్పింది. ఫోను చూసుకుంటూ ఆయన "ఊఁ" అన్నాడు.

నిరుడు వైన్ ఫ్యాక్టరీ నుంచి కాయ పరీక్ష చేసే ఆయన వచ్చి, తోటంతా తిరిగి, ఆ నాలుగు వరుసల దగ్గర ఆగిపోయాడు. ఎవరు చూసుకుంటారండీ వీటిని అని అడిగాడు. "మేమే," అన్నాడు భర్త. ఆ మాటలో తానూ ఉన్నాననే అనుకుంది పిచ్చిది.

ఈ ఏడు ఆ ఫ్యాక్టరీ వాళ్లే చుట్టుపక్కల ద్రాక్ష రైతులందరికీ మీటింగు పెట్టి, భర్త చేత మాట్లాడించారు. కాయ రంగు తిరిగే రోజులవి. ఆమె వెనక టీ కప్పులు అందిస్తోంది. "ఆకులు రెండు వైపులా దులిపేయండి. ఎండ ఎంత తగిలితే అంత రుచి," అంటున్నాడు ఆయన. ఇంటికొచ్చే దారిలో ఆమె మెల్లగా అంది, "ఒక వైపేనండీ. ఇప్పుడు అదీ కూడదు, ఆలస్యమైపోయింది."

"అంతమందిలో నేను అన్నది తప్పంటావా? ఎవరితోనైనా వాగి నా పరువు తీయకు."

పక్క తోట పొడుగు వదినకి చెప్పొద్దామని రెండుసార్లు చెప్పులేసుకుంది. రెండుసార్లూ విప్పేసింది.

పది రోజులు ఎండలు మండిపడ్డాయి. పదకొండో రోజు పొద్దున ఎనిమిది మంది రైతులు వాకిట్లోకి వచ్చారు. తన భర్త పోయాక ఒంటరిగా తోట నడుపుకుంటున్న పొడుగు వదిన ముందుంది. చేతిలో గుత్తి ఉంది. ఒక పక్క కాయలన్నీ గోధుమరంగుకి తిరిగి, వేలు పెడితే తొక్క ఊడొస్తోంది.

"నీ మాట నమ్మి సగం తోట మాడ్చుకున్నాను తమ్ముడూ. ఏం చెప్తావు?"

భర్త వాళ్లని ఒకసారి చూశాడు. తర్వాత గుమ్మంలో తడి పళ్లెంతో నిలబడ్డ ఆమె వైపు వేలు చూపించాడు.

"నన్నంటే ఏం లాభం అక్కా? అదంతా మా ఆవిడ చెప్పిందే. ఆడాళ్ల మాట వింటే ఇలాగే ఏడుస్తుంది."

ఆమెకి మొదట అర్థం కాలేదు. ఎవరి గురించో అంటున్నాడేమో అనుకుంది. ఎనిమిది జతల కళ్లు తన మీదకి తిరిగాక గానీ అది తన గురించేనని తెలియలేదు. ఈ ఏడేళ్లలో తోట ఊసులో ఆయన తన ప్రస్తావన తేవడం ఇదే మొదటిసారి. మెప్పు వచ్చిన రోజు తాను లేదు, కాయ మాడిన రోజు ఉంది. అంటే ఆయనకి తెలుసు. మొదటి నుంచీ తెలుసు, ఆ పని ఎవరిదో. గమనించలేదు పాపం అని తనకి తాను చెప్పుకున్న సర్దుబాట్లన్నీ ఒక్కసారిగా చేతుల్లోంచి జారిపోయాయి. పక్కనుంచి అత్తగారు చెవిలో గొణిగింది, "అవునని లోపలికి రా. గొడవ తీరిపోతుంది."

"అవును, నేనే చెప్పాను," అంది ఆమె. భర్త భుజాలు తేలికపడ్డాయి.

"ఒక వైపే తీయమని చెప్పాను. కాయ చిన్నగా ఉన్నప్పుడే తీయమన్నాను. సాళ్లలో గడ్డి ఉంచమన్నాను, నున్నగా దున్నిన నేల కింద నుంచి సెగ కొడుతుందని. ఆయన సగం విన్నాడు, ఆ సగం మీకు చెప్పాడు. తప్పని తెలిసి కూడా ఆ రోజు నేను నోరు మూసుకున్నాను వదినా. అంతవరకు తప్పు నాది."

పొడుగు వదిన చేతిలో గుత్తిని తిప్పి చూసుకుంది. "మిగిలింది దక్కుతుందా?" అంది చివరికి.

"చూస్తే గానీ చెప్పలేను. పక్క కొమ్మలు వంచి గుత్తుల మీదకి కడదాం. కోసిన గడ్డి ఉంది, సాళ్లలో పరుద్దాం. పదండి, ముందు మీ తోటకే."

పళ్లెం గట్టు మీద పెట్టి చెప్పులేసుకుంది. "ఎక్కడికి? ఇంకా నా తల ఎంత దించాలని?" అన్నాడు భర్త, గొంతు తగ్గించి.

ఆమె ఆగి, అందరికీ వినపడేలా చెప్పింది.

"ఇకమీదట తోట సంగతి ఎవరికి కావాలన్నా ఈయన్ని అడగకండి. నన్ను అడగండి."