నాది అని అరిచిన బంతి

ఆదివారం మా మైదానంలోనే ఒక గోల్ తేడాతో ఓడిపోయాం. ఆ గోల్ ఎలా పడిందో కోచ్‌గా బెంచీ దగ్గరున్న నాకు కనబడింది, వినబడింది కూడా. మా మిడ్‌ఫీల్డర్ తెల్ము "వదులు, నాది!" అని అరిచాడు. డిఫెండర్ లియాంద్రు నమ్మి వదిలేశాడు. తీరా ఎదుటివాడు మీదికి దూసుకొచ్చేసరికి తెల్ము కాలు వెనక్కి లాక్కున్నాడు. బంతి వెళ్లి వలలో పడింది.

డ్రెస్సింగ్ రూమ్‌లో లియాంద్రు ఏడుపొక్కటే తక్కువ.

"మిస్టర్, వీడు నాది అన్నాడు. మీరే అడగండి!" అన్నాడు నాతో. కోచ్‌ని మా వాళ్లు మిస్టర్ అనే పిలుస్తారు.

"నేనా?" అన్నాడు తెల్ము. "చెవుల్లో సముద్రం గానీ పోసుకున్నావేంట్రా?"

అందరూ నవ్వారు. గోల్‌కీపర్ కూడా ఓ మాట విసిరాడు. "పోనీలెండ్రా, మనకి కొత్త గేటు దొరికాడు."

అంతే, నవ్వులు ఆగిపోయాయి. మూల అన్సెల్ము తడి జెర్సీలు బుట్టలో వేస్తున్నాడు. మా ఊళ్లో గేటు అంటే అతనే, బంతికి దారి తెరిచి వదిలేశాడని. ఇరవై ఏడేళ్లుగా కాఫీ కొట్టులో, చేపల రేవులో, చివరికి చర్చి మెట్ల మీద కూడా అదే పలకరింపు. "ఏం గేటూ, ఇవాళైనా తాళం వేశావా?"

ఆ పేరు అతనికి నా వల్ల వచ్చింది. ఈ మాట రాయడానికే నాకు చేతులు రావడం లేదు, ఇంక నోటితో అనడం ఎంత కష్టమో చూడండి.

అప్పుడు ఇద్దరం ఇదే జట్టులో ఆడేవాళ్లం. ఆ ఏడు ఆఖరి మ్యాచ్. సమంగా ముగిస్తే చాలు, రెండో డివిజన్‌లో నిలబడతాం. ఇంకో నిమిషం ఉందనగా పెనాల్టీ గీత దగ్గర బంతి ఎగిరింది. నాది అని అరిచాను. అన్సెల్ము తప్పుకున్నాడు. ఎదురుగా బండలాంటి మనిషి వస్తున్నాడు, నాకేమో సోమవారం లిస్బన్‌లో నన్ను తీసుకోబోయే పెద్ద క్లబ్ డాక్టర్ల ముందు మోకాళ్లు చూపించుకోవాల్సిన పని ఉంది. కాలు లాగేసుకున్నాను. గోల్ పడింది, మా క్లబ్ కింది డివిజన్‌కి పడిపోయింది, నేను లిస్బన్ వెళ్లిపోయాను. పదకొండేళ్లు ఆడాను, దేశం జెర్సీ కూడా రెండుసార్లు తొడిగాను. ఆ ఫొటో ఇప్పటికీ కాఫీ కొట్టు గోడమీద ఉంది. సిగ్గులేని ఫొటో, పళ్లన్నీ కనబడతాయి.

నాలుగేళ్ల కిందట కోచ్‌గా తిరిగొచ్చాను. జెర్సీలు ఉతికి సర్దే పనిలో అన్సెల్ము ఉన్నాడు. "కాఫీ తాగావా అదెరిత్తూ?" అని రోజూ అడుగుతాడు. తిట్టినా బాగుండేది. ఏటా క్లబ్ పండగ భోజనంలో అతని పక్కనే కూచుని ఉప్పుచేప తింటూ, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

ఇప్పుడు లియాంద్రు మొహం చూస్తుంటే ఇంక ఊరుకోలేకపోయాను. ఇవాళ నేను నోరు మూసుకుంటే వీడు కూడా జన్మంతా గేటే.

"తెల్మూ, అరిచింది నువ్వే. నేను విన్నాను" అన్నాను. "ఇంకో మాట వినండి. ఆ రోజు అన్సెల్ముకి నాది అని అరిచింది నేను. కాలు లాక్కున్నది కూడా నేనే. తప్పంతా నాది."

అన్సెల్ము ఓ మేజోడు పిండి బుట్టలో వేశాడు.

"నాకు కొత్తగా చెప్తావేంటి? నేను చెవిటివాణ్నా?"

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్పలేదా? వారం రోజులు ఇంటింటికీ తిరిగి చెప్పాను. నువ్వేమో లిస్బన్ నుంచి పేపర్లో వేయించావు, 'నేను అరవనే లేదు, పాపం అతను సాకు వెతుక్కుంటున్నాడు' అని."

నిజమే. ఆ 'పాపం' కూడా నేనన్నదే.

"మా నాన్న ఆ పేపరే నమ్మాడు" అన్నాడు అన్సెల్ము. "క్లబ్‌లో ముప్పై ఒకటో నంబరు సభ్యుడు. ఏటా కార్డు తీసుకున్నాడు గానీ మళ్లీ ఈ గేటు దాటి లోపలికి రాలేదు. ఫిబ్రవరిలో పోయినప్పుడు శవపెట్టె మీద క్లబ్ జెండా కప్పాం. మోసిన ఆరుగురిలో నువ్వున్నావు కదా. నా ముందే ఉన్నావు."

"ఉన్నాను."

"అప్పుడు చెప్పినా సరిపోయేది అదెరిత్తూ. మూత దగ్గర నోరుపెట్టి ఆయనకి చెప్పుకునేవాణ్ని."

నాకు ఏడుపొచ్చింది. ఆటగాళ్లందరి ముందే ఏడ్చాను. లియాంద్రు తల దించుకున్నాడు. తెల్ము మెల్లగా లేచి వాడి పక్కన కూచుని "నేనే అరిచాన్రా" అన్నాడు.

అన్సెల్ము బుట్ట ఒక చెవి పట్టుకున్నాడు.

"అటు చివర పట్టు. తడి బట్టలు, బరువుగా ఉంది."

పట్టుకున్నాను. ఈసారి అతను ముందు నడిచాడు.