మూడో సిలిండర్

"టార్చి సక్కగ పట్టుకునుడు గూడ రాదు నీకు" అన్నాడు మా ఆయన వినాయక్, బానెట్ కింద నుంచి తల ఎత్తకుండానే. పదకొండేళ్లుగా పట్టుకుంటున్నాను. మరాఠీ ఊళ్లో మా తెలుగువాళ్ల పేట ఈ దాజీ పేట్. ఇక్కడ మా ఇంటి ముందు షెడ్డులో నాలుగు పవర్‌లూమ్‌లు ఉండేవి. రెండు అమ్మేసి ఆ జాగాలో కార్ల రిపేరు పెట్టుకున్నాడు. మిగిలిన రెండు మగ్గాలూ నేను నడుపుతాను. నడుపుతూనే ఆయనకు పానాలు అందించాలి, జిడ్డు సామాన్లు కిరోసిన్‌లో కడగాలి, చాయ్ పెట్టాలి. ఇదంతా పని కిందికి రాదు. "నీకేంది, ఇంట్ల కూసుంటవు" అంటుంది మా అత్త యల్లమ్మ. కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలియాలంటే ఆవిడ ఒకరోజు మంచం దిగాలి.

ఈసారి వచ్చింది పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు. టవల్ ఫ్యాక్టరీ ఓనరు కొడుకు అభిజిత్‌ది. స్టార్టు చేసి నిలబెడితే చలిజ్వరం వచ్చిన మనిషిలా వణుకుతోంది. మా ఆయన నాలుగు ప్లగ్గులూ మార్చాడు, పెట్రోలు కల్తీ అన్నాడు, ఇప్పుడు పంపు పోయిందంటున్నాడు. మగ్గం ఒక్క దెబ్బ తప్పినా వంటింట్లోంచే చెప్పగలను నేను. ఈ ఇంజనుకు మూడు దెబ్బలు పడి నాలుగోది పడడం లేదు.

"ఇగో, జర ఇనుండ్రి. నాలుగిట్ల ఒకటి పనిచేస్తలేదు. పంపు కాదనిపిస్తది" అన్నాను.

చేతిలో పానా ఉంది కాబట్టి పానాతోనే కొట్టాడు, భుజం మీద. "నాకే నేర్పుతవానే?" అని పంపు తేవడానికి బండెక్కి పోయాడు.

భుజం మండుతోంది. తప్పు నాదా ఆయనదా తేల్చుకోవాలనిపించింది. అది కోపమే, దానికి వేరే పేరు పెట్టను. ఆ రోజు మగ్గాలకు సెలవు, పేటంతా చప్పుడు లేదు. కారు స్టార్టు చేశాను. ప్రతి సిలిండర్ మీదా ఒక కాయిల్ ఉంటుంది, ప్లగ్గుకు నిప్పురవ్వ అందించేది. మొదటి కాయిల్ వైరు పీకాను. వణుకు ఎక్కువైంది. అంటే అది పనిచేస్తోందన్నమాట. మళ్లీ పెట్టి రెండోది పీకితే అదీ అంతే, వణుకు పెరిగింది. మూడోది పీకితే ఏమీ మారలేదు. చచ్చింది ఇదే. మరి పోయింది సిలిండరా, కాయిలా? ఇంజను ఆపి మూడోదాని కాయిల్ మొదటిదాంట్లో, మొదటిది మూడోదాంట్లో పెట్టి మళ్లీ స్టార్టు చేశాను. ఈసారి మొదటి వైరు పీకితే మార్పు లేదు. రోగం కాయిల్ వెంటే వచ్చింది. నాకు నవ్వొచ్చింది. పెళ్లయ్యాక అంత గట్టిగా నవ్విన గుర్తు లేదు.

ఆ నవ్వు వింటూనే వచ్చాడు. "మందోళ్ల కారు మీద చెయ్యేస్తవా?" అని జుట్టు పట్టి నా ముఖాన్ని కారు రేకుకేసి కొట్టాడు. పడిపోకుండా కుడిచేత్తో బానెట్ కింది అంచు పట్టుకున్నాను. అది చూసి మరీ బానెట్‌కు ఆనించిన కడ్డీ లాగేశాడు. బానెట్ నా వేళ్ల మీద పడింది చాలలేదు, రెండు చేతులతో అదిమాడు. ఇంజను నడుస్తున్నా ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. గుమ్మంలో మా తొమ్మిదేళ్ల స్నేహ నిలబడి అంతా చూసింది. "కాయిల్ పోయింది, మొదటిదాంట్ల పెట్టిన" అని ఏడుస్తూనే చెప్పాను. ఎందుకు చెప్పానో! అలవాటు, అంతే. అత్త ఒక పాత గుడ్డపేలిక విసిరింది.

చూపుడు వేలు, మధ్యవేలు. తెగిన పోగును ముడేసేవి ఆ రెండే. అవి పోతే నాకు మగ్గం లేదు, ఈ ఇంట్లో ఎదురు మాట్లాడే నోరూ లేదు. దవాఖానకు పోదామంటే, గిరాకీ వచ్చిపోనీ అన్నాడు.

సాయంత్రం అభిజిత్ వచ్చాడు. నేను చెప్పిన కాయిల్ తీసి మా ఆయన కొత్తది పెట్టేసరికి ఇంజను నీళ్లు పారినట్టు నడిచింది. "వినాయక్ భావ్, కమాల్! ఏం చెవులయ్యా నీయి!" అన్నాడు. "అనుభవం శేట్" అన్నాడు మా ఆయన. నేను ఎడమచేత్తో చాయ్ తెచ్చాను.

"వహినీ, చేతికేమైంది?" అన్నాడు, నన్ను మరాఠీలో వదినా అని పిలుస్తూ.

మేమెవరమూ నోరు తెరవకముందే స్నేహ అంది, "మగ్గంల పడ్డది."

దానికి ఎవరు నేర్పారు? నేనే. పన్ను ఊడినప్పుడు మగ్గం అన్నాను, చెవి పగిలినప్పుడూ మగ్గమే అన్నాను. మా అమ్మ కూడా అలాగే అనేది. మా పేటలో ఆడవాళ్ల దెబ్బలన్నీ మగ్గం మీదికే తోస్తాం, అది నోరెత్తదు కదా. సరిగ్గా చెప్పానా అన్నట్టు స్నేహ నా వైపు చూసింది. ఆ చూపు ముందు విరిగిన వేళ్లు ఏపాటి! ఆ క్షణాన చేతిలో కప్పు బదులు పానా ఉంటే మా ఆయన తల పగిలేది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

చీకటి పడకముందే సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. దారి పొడవునా "మగ్గమని చెప్పు" అంటూనే ఉన్నాడు. స్నేహ మా ఇద్దరి మధ్య కూర్చుని వింది. డాక్టరమ్మ నా వేళ్లు చూసి, కాగితం మీద రాస్తూ, తల ఎత్తకుండా మరాఠీలో అడిగింది, మగ్గమేనా అని.

"హో మేడం, మగ్గమే" అన్నాడు మా ఆయన వెనక నుంచి.

"రాసింది కొట్టెయ్యండ్రి" అన్నాను, మరాఠీలోనే. "మగ్గం కాదు. ఈయనే ఇరగ్గొట్టిండు. పేరు వినాయక్."

డాక్టరమ్మ తల ఎత్తింది. నేను స్నేహ వైపు తిరిగి, దానికి వినబడేలా అదే మాట ఇంకోసారి చెప్పాను.