మంచిలి దాకా వచ్చి ఆగిన మాట

నేను ఒక ప్రొటీన్‌ను. కంటికి కనపడను, తూకానికి అందను. తణుకు బస్టాండులో ఇరవై ఏళ్ళుగా మైకులో ఊళ్ళ పేర్లు చదివే ఏసుపాదంగారి తలలో, ఎడమవైపు, మాటలు పుట్టే చోట, ఒక కణం గోడలో ఇరుక్కుని ఉంటాను. భీమవరం బస్సు ఊళ్ళు చదివేటప్పుడు, భార్య పుట్టిన ఊరు కాబట్టి మంచిలి దగ్గర మాత్రం ఆయన గొంతు కాస్త సాగేది. ఆ గొంతును అందరూ మెచ్చుకునేవారు. దాని వెనక ఊడ్చేవాళ్ళం మేమున్నామని ఎవరికీ తెలియదు.

మా పని చెబుతాను. ఒక నరకణం పక్కదానితో మాట్లాడాలంటే గ్లూటమేట్ అనే పదార్థాన్ని విసురుతుంది. మాట అందాక అది అక్కడ ఉండకూడదు. ఉంటే, విన్న కణం ఉలిక్కిపడి ఉలిక్కిపడి చచ్చిపోతుంది. అందుకే నేను బయటికి తెరుచుకుని ఉంటాను. ఒక్క గ్లూటమేట్, దానికి తోడు సోడియం వచ్చి కూర్చోగానే బయటి తలుపు మూస్తాను. నా ఒంట్లో ఒక భాగం లిఫ్టులా లోపలికి జారుతుంది. అప్పుడు లోపలి తలుపు తీస్తాను. రెండూ ఒకేసారి తీయడం నా పుట్టుకలోనే లేదు. ఆయన ఒక్క ఊరి పేరు పలికితే మేం లక్షలమందిమి ఒళ్ళు వంచేవాళ్ళం.

బయట సోడియం ఎక్కువగా, లోపల తక్కువగా ఉంటేనే నా లిఫ్టు సరిగ్గా నడుస్తుంది. అలా ఉంచడానికి రక్తం తెచ్చే ప్రాణవాయువు కావాలి. నా కథంతా ఇక్కడే ఉంది.

పదిహేను రోజుల క్రితం పొద్దున్న ఏడింటికి ఏసుపాదంగారి చేతిలోంచి టీ గ్లాసు జారింది. మూతి వంకరపోయింది. ఆయన చెవిన పడే మాటలు మా వీధిలోంచే పోతాయి కాబట్టి అంతా విన్నాను. భార్య సువార్తమ్మ ఆటో పిలవమంది. ఆమె తమ్ముడు ప్రకాశం అడ్డుపడ్డాడు.

“పక్షవాతానికి ఆస్పత్రోళ్ళేం చేత్తారక్కా. పావురం ఎచ్చటి రక్తం రాత్తే చెయ్యి అదే లేత్తాది.”

చెడ్డవాడు కాదు. బావంటే ప్రాణం. మనుషులు ప్రేమతో పరిగెత్తేటప్పుడు ఎటు పరిగెత్తుతున్నారో చూసుకోరు. రైసుమిల్లు కప్పు మీద పావురాలు అందకుండా ఎగిరిపోయాయి. ఒకటి దొరికేసరికి పదిన్నర. రక్తం రాసి, చెయ్యి లేస్తుందేమోనని ఇంకో గంట చూశారు.

ఆ గంటల్లో నెత్తురు గడ్డ ఒకటి అడ్డుపడి మా వీధికి రక్తం ఆగింది. లోపల సోడియం పేరుకుపోయింది. నా లిఫ్టు వెనక్కి తిరిగింది. లోపలి గ్లూటమేట్‌ను ఎక్కించుకుని బయట కుమ్మరించాను. మళ్ళీ, మళ్ళీ. ఏ కణాల్ని కాపాడటానికి నన్ను ఇక్కడ పెట్టారో వాటి మీదే పోశాను. ఆపుదామంటే నాకు చేతులు లేవు. ఉన్నది ఒక ఆకారం, అది ఎటు ఒరిగితే అటే పని. అయినా సిగ్గుగా ఉంది. నేను పుట్టినప్పటినుంచీ నా ఎదుటే ఉన్న నరకణం అరిచి అరిచి ఊరుకుంది. సువార్త అనే పేరు నాలుక మీదికి వెళ్ళే దారి దాని మీదుగానే ఉండేది.

ఆస్పత్రికి చేరేసరికి గడ్డ కరిగించే ఇంజక్షనుకు వేళ దాటిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. ప్రకాశం ఏడుపు మా దాకా వినిపించింది. తర్వాత గడ్డ తనంతట తనే కొంత కదిలింది. నా లిఫ్టు మళ్ళీ సరైన వైపుకి నడుస్తోంది.

నిన్న సువార్తమ్మ మంచం పక్కన కూర్చుని అడిగింది.

“నేనెవర్నండీ?”

ఆయన నోరు కదిలింది. పేరు రాలేదు. చాలాసేపు పెనుగులాడి, ఇరవై ఏళ్ళ అలవాటు మీద వేరే దారి పట్టారు. “వేల్పూరు... రేలంగి... అత్తిలి... మంచిలి...”

అక్కడ ఆగి ఆమెను చూశారు. తర్వాత ఆరవల్లి ఉంది, భీమవరం ఉంది. అవి చదవలేదు. మళ్ళీ మంచిలి అన్నారు.

“అవునండీ. మంచిలిదాన్నే,” అంది ఆమె, ఏడుస్తూ.

పక్క కణాల మీదుగా పోయిన ఆ మాట మిగిల్చిన గ్లూటమేట్‌ను నేనే తీశాను. నా ఆయుష్షు వారాల్లోనే. ఇవాళో రేపో కణం నన్ను విప్పి ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలతో పుట్టేదానికి ఇదేమీ గుర్తుండదు. అందాకా బయటి తలుపు తీసి నిలబడతాను. ఎదుట చచ్చిపోయిన కణం నుంచి ఏమీ రాదని తెలుసు. అయినా తలుపు అటే తీసి ఉంచుతాను.