ఎంకమ్మ ఇంటి ధర

సిద్దప్ప పిండి గిర్ని షట్టరు సగం వరకే లేపి, వంగి లోపలికి పోయి, నిన్నటి పిండిని తొట్టి అంచుల నుంచి చీపురుతో దులుపుతున్నాడు. యాభై దాటిన మనిషి. కనుబొమ్మల మీద, చెవుల వెంట్రుకల మీద, మెడ ముడతల్లో పిండి ఎప్పుడూ పేరుకుని ఉంటుంది. తలస్నానం చేసినా పూర్తిగా పోదు. జహీరాబాద్ కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో ఉన్న ఆ గిర్నిలో పెళ్లి కాకముందు పనికి చేరాడు. యజమానులు మారారు, మోటారు మారింది, అతను మాత్రం అక్కడే ఉన్నాడు. మోతకు ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాయి. మాట్లాడితే తెలియకుండానే గొంతు పెరుగుతుంది. అది ఇష్టం లేక తక్కువ మాట్లాడతాడు.

ఇండ్ల బేరాలు కుదిర్చే ఈరయ్య బయట స్కూటరు ఆపి, షట్టరు కిందనుంచి తల లోపలికి పెట్టాడు. పాతబస్తీలో ఎంకమ్మ అనే ముసలామె ఇంటిని సిద్దప్పకు చూపించింది అతనే. ఆమె ఇరవై రెండు లక్షలు చెప్పింది. మొగుడంపల్లిలో తన వంతు చెలక భూమి అమ్మితే సిద్దప్పకు పద్దెనిమిది వచ్చాయి. మిగతా నాలుగు కావాలంటే అప్పు చేయాలి. ఈ వయసులో అప్పు చేస్తే చచ్చేదాకా గిర్ని పని విడవడానికి ఉండదు.

"పద్దెనిమిది దాటి నోరు జారకు సిద్దప్పన్నా" అన్నాడు ఈరయ్య, అతని కుడి చెవి దగ్గరికి వచ్చి. "ముసలామెకు పానం బాగుంటలేదు. ఆమె ఆ ఇంట్ల పోయిందంటే నాలుగు లక్షలు దానంతట అదే దిగుతది. చెడ్డ నక్షత్రంల పోతే ఇంకా దిగుతది."

వానల గురించి చెప్పినట్టు మామూలుగా చెప్పాడు. సిద్దప్ప చీపురు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, స్కూటరు వెనక ఎక్కాడు.

సొంత ఇల్లు ఎందుకని ఎవరైనా అడిగితే సిద్దప్ప కిరాయి పెరిగిందని చెప్పేవాడు. అసలు కారణం భార్య బస్వమ్మకు ఒక్కదానికే తెలుసు. తల్లికి ఆఖరి ఘడియలు వచ్చినప్పుడు వాళ్లు కిరాయి ఇంట్లో ఉన్నారు. ఇంట్లో చావు జరిగితే తర్వాత ఎవరూ దిగరని ఇంటాయన చేతులు పట్టుకుని బతిమాలాడు. మంచివాడే, కోప్పడలేదు. తల్లిని చెద్దరులో మోసుకొచ్చి గిర్ని అరుగు మీద పడుకోబెట్టారు. వచ్చేపోయే ఆడవాళ్లు జొన్నల డబ్బాలతో ఆమెను దాటుకుని నడిచారు. తెల్లవారేసరికి ఆమె లేదు. అప్పటి నుంచి సిద్దప్ప ఏ ఇల్లు చూడబోయినా ముందు గోడలు చూడడు, తలుపు ఎంత వెడల్పుందో చూస్తాడు.

ఎంకమ్మ ఇంటి తలుపు వెడల్పుగానే ఉంది. రెండు గదులు, మధ్యలో హాలు, కింద షాబాదు బండలు, గోడలకు నీలం సున్నం. పోయినసారి వచ్చినప్పుడు గోడకు దేవుళ్ల పటాలు, దండెం మీద చీరలు, మూలన పొయ్యి ఉన్నాయి. ఈసారి లోపలి గదిలో ఒక మంచం తప్ప ఏమీ లేదు. పటాలు ఉన్నచోట గోడ లేతగా, చతురస్రాలుగా మిగిలింది. పొయ్యి ఉన్నచోట మసి లేదు, కడిగేసింది. దండెం మేకులు కూడా పీకి, ఆ రంధ్రాల్లో సున్నం పూసింది. ఎండ నడినెత్తికి ఎక్కుతున్నా లోపల బండలు చల్లగా తగిలాయి. మనిషి ఉంటున్న ఇల్లు అది. కానీ ఒక చెంబైనా తడిగా కనిపించలేదు.

ఎంకమ్మ గోడకు వీపు ఆనకుండా నేలమీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి, మోచేతుల దగ్గర చర్మం కాగితంలా వేలాడుతోంది. మాట్లాడుతూ నేలమీద చెయ్యి ఆనించినప్పుడల్లా, ఆ చోటును కొంగుతో తుడుస్తోంది. సిద్దప్ప ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

"ఈ ఇంట్ల ఎవ్వరు పోలే బిడ్డా" అంది ఆమె. "నా పెనిమిటి దవాఖానల పోయిండు. కొడుకు చిరాగ్‌పల్లి కాడ రోడ్డు మీద పోయిండు. గందుకే గంత చెప్పిన."

ఈరయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఎవరన్నా పోతే ఎంత తగ్గుతది?" అని అడిగింది ఆమె, సిద్దప్పనే చూస్తూ.

జవాబు చెప్పకుండా ఉండవలసింది. కానీ పొద్దున విన్న మాట నాలుక మీదే ఉంది.

"నాలుగు" అన్నాడు. తనకే వినిపించేంత గట్టిగా వచ్చింది. ఖాళీ గదుల్లోకి పోయి, ఆ మాట వెనక్కి తిరిగి వచ్చినట్టు అనిపించింది.

ఎంకమ్మ మార్కెట్లో ధర విన్నట్టు తల ఊపింది. కోడలు భవాని కోహీర్‌లో బట్టలు కుడుతుందని, మొగుడు పోయినా తనను వదలకుండా రోజూ సాయంత్రం బస్సులో అన్నం తెస్తుందని, ఇంటి పైసలన్నీ ఆమెకేనని చెప్పింది. గొంతులో దుఃఖం లేదు. చివరికి, "పొద్దుగూకినంక రా. నీ మాట చెప్పు. గప్పటికి ఇల్లు గిట్లనే ఉంటది" అంది.

మధ్యాహ్నం బస్వమ్మ రొట్టెలు తెచ్చింది. ఇల్లు కడిగేసి ఉందని విని, పోయినసారి అతని వెంట తాను చూడబోయినప్పుడే ఆ ఇంట్లో మనిషి వాసన రాలేదని, ఆ సంగతి పైకి చెప్పడానికి భయమేసిందని అంది.

ఆమె పోయాక కరెంటు పోయింది. గిర్ని ఆగింది. మోత ఆగగానే సిద్దప్ప చెవుల్లో ఎప్పుడూ ఉండే హోరు కాకుండా వేరే చప్పుడు వినిపించింది. బండల మీద కట్టెను ఈడుస్తున్న చప్పుడు. కాసేపు ఈడ్చి ఆగుతోంది. ఎవరో ఊపిరి తీసుకున్నంతసేపు ఆగి, మళ్లీ మొదలవుతోంది. వినిపించింది పూర్తిగా పోయిన ఎడమ చెవిలో. వరసలో కూర్చున్న ఆడవాళ్లను అడిగితే ఏమీ వినిపించడం లేదన్నారు. కరెంటు వచ్చి మోత మొదలయ్యాక కూడా, దాని అడుగున ఆ చప్పుడు ఆగుతూ సాగుతూ ఉన్నట్టే తోచింది.

పొద్దుగూకే వేళ షట్టరు దించి, ఒక్కడే నడుస్తూ బయల్దేరాడు. పద్దెనిమిది అందామనుకున్నాడు. నాలుగు అడుగులు వేసేసరికి ఎంకమ్మ తల ఊపడం గుర్తొచ్చింది. పంతొమ్మిది. కూరగాయల బండ్లు దాటేసరికి ఇరవై. "ఇరవై" అని పైకే అన్నాడు. ఎదురొస్తున్న ఒకామె ఉలిక్కిపడి పక్కకు జరిగింది. రెండు లక్షల అప్పు తీరుతుందిలే అనుకున్నాడు. ఆ మాటే చెప్పాలని గట్టిగా అనుకుని గల్లీ తిరిగాడు.

ఎంకమ్మ ఇంటి ముందు, గడపకు బయట, మంచం వేసి ఉంది. దాని మీద ఎంకమ్మ పడుకుని ఉంది. దుప్పటి గొంతు దాకా కప్పుకుంది, ముఖం ఇంటివైపు ఉంది. పక్కన అన్నం డబ్బాతో భవాని నేలమీద కూర్చుంది. ఏడుపు అయిపోయిన కళ్లు. మధ్యాహ్నం ముసలామె మంచం బయటికి ఈడ్చుకొస్తుంటే నల్లులకు ఎండబెడుతోందని అనుకున్నామని పక్కింటివాళ్లు అన్నారు. తలుపుకు బయటినుంచి గొళ్లెం పెట్టి, తాళం వేసి ఉంది. తాళంచెవి ఎంకమ్మ పిడికిట్లో ఉంటే భవాని తీసింది.

తలుపు తీసి చూశారు. హాలు బండల మీద మంచం కోళ్లు గీసిన తెల్లటి గీతలు. కొంత దూరం సాగి, ఆగి, మళ్లీ మొదలై, గడప దాటాయి. సిద్దప్ప వాటి మీద కాలు పెట్టలేకపోయాడు.

ఎప్పుడు వచ్చాడో, ఈరయ్య పక్కన నిలబడి ఉన్నాడు. "బయటనే పోయింది. ఇగ మనం తగ్గియ్యమని అడుగుడెట్ల" అన్నాడు.

సిద్దప్ప భవాని దగ్గరికి పోయి, అవ్వను లోపలికి తీసుకుపోదామన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వద్దన్నా. లోపలనే పోయిందంటరు. లోపల పోతే నాలుగు తగ్గుతదని పొద్దున ఫోన్ల చెప్పింది. మీరే చెప్పిన్రంట."

నింద ఏమీ లేదు ఆ గొంతులో. గల్లీలోంచి ఎవరో సైకిలు తోసుకుంటూ, మంచాన్ని తప్పించుకుని పోయారు.

"ఇరవై రెండు" అన్నాడు సిద్దప్ప. గల్లీ అంతా వినిపించింది. "ఇరవై రెండే ఇస్త. ముందుగాల లోపలికి తీస్కపోదాం పట్టున్రి."

తలవైపు తానే పట్టుకున్నాడు. దుప్పటితో సహా ఎత్తి, వెడల్పాటి తలుపులోంచి ఎక్కడా తగలకుండా నడిపించి, హాలు నడుమ పడుకోబెట్టారు. ఎవరో దీపం తెచ్చారు. ఊదుబత్తి పొగ నీలం గోడల మీద పాకింది. కబురందుకుని వచ్చిన బస్వమ్మ గడప దాటి లోపలికి వచ్చి, భవాని పక్కన కూర్చుని ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఈరయ్య ఎప్పుడు పోయాడో ఎవరూ చూడలేదు.

బయట గల్లీలో మంచం ఒక్కటే మిగిలింది. పల్లంగా ఉన్న వైపు మంచం కోడు కింద, అది ఊగకుండా, చదునైన చిన్న రాతిముక్క పెట్టి ఉంది.